ఆ అబ్బాయి చెప్పినాడు

“అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ పెట్టె పీకెయ్.”

పిచ్చమ్మ చీపురు తిరగేసి పట్టుకుంది. “ముందు నువ్వెవురో చెప్పు. కరెంటాఫీసోడివా?”

“కాదు.”

“పెట్టెలమ్మేవోడివా?”

“కాదవ్వా.”

“మరి మా ఇంట్లో పెట్టెతో నీకేంది పని?”

అతను మళ్ళీ పెట్టె వంకే వేలు చూపించాడు.

ఆత్మకూరు పక్కన చెరువు కట్ట కింద ఉన్న పాలెం అది. పొద్దుటి నుంచి అతను ఎక్కిన పదకొండో గడప. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పెట్టె కొన్నవాళ్ళ చీటీ మీద పది పేర్లు కొట్టేశాడు, పది పెట్టెలు పీకించి సంచిలో వేసుకున్నాడు. ఈ ముసలావిడ దగ్గరే చిక్కుపడ్డాడు.

గోడకున్న ప్లగ్గులో అరచేతంత తెల్ల పెట్టె, దానికో పచ్చ లైటు. పెడితే కరెంటు బిల్లు సగమవుతుందని పేరు. దాన్ని రాసుకుంటూ చీర ఉయ్యాల. ఉయ్యాల్లో మూడు నెలల మనవరాలు. గదిలో ప్లాస్టిక్ మాడుతున్న వాసన.

మొన్న ఉదయగిరి దగ్గర ఒకరింట్లో ఇలాంటి పెట్టే అంటుకుంది. మంచం, గుడ్డలు బూడిదయ్యాయి. అక్కడ ఉయ్యాల లేదు కాబట్టి సరిపోయింది.

“ఉయ్యాలన్నా అవతలికి కట్టవ్వా!”

“దూలం ఒకటే ఉండాది. నీ నెత్తిన కట్టాల్నా?”

అతను ప్లగ్గు వైపు చెయ్యి చాచాడు. చేతి మీద చీపురు పడింది.

“తాకినావంటే పాలెమంతా పిలుస్తా! బిల్లు సగమైతాదని ఫోన్లో ఆ అబ్బాయి చెప్పినాడు. మన మాటే మాట్లాడతాడు, బంగారం లాంటి బిడ్డ. మూతికి గుడ్డ చుట్టుకోనొచ్చి నువ్వు కాదంటే నమ్మాల్నా? తెలిసినోళ్ళతో చెప్పించు. అప్పుడు చూస్తా.”

గుడ్డ మాట అన్యాయం. రోహిణి కార్తె ఎండలో హెల్మెట్ కింద తువ్వాలు చుట్టుకోకుండా ఆ పక్క బండి నడిపే మొనగాడు ఎవరు?

అతను బండి తీశాడు. ఆత్మకూరు బజారులో వైరింగు పనిచేసే కొండలయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు.

“ఒక్కసారి నాతో రా అన్నా. అది ప్రమాదమని అవ్వకు చెప్పు. పసిబిడ్డ ఉండాది ఆ ఇంట్లో.”

“ప్రమాదమేందిరా? మా ఇంట్లో గూడా పెట్టినా.”

“బిల్లు తగ్గిందా?”

“చూళ్ళా. తగ్గుతాదిలే. వీడియోలో చెప్పినాడు గదా.”

“ఎవురన్నా విప్పి చూసినారా అన్నా?”

“అంత నమ్మకంగా చెబితే విప్పేదెందుకు? అదేందో, ఆ వీడియో ఇప్పుడు చానల్లో కనపడ్డంలా, తీసేసినాడంట. నా కాడ ఫార్వర్డ్ ఉండాది. పంపీనా?”

“వద్దు!” అని అరిచాడు అతను. కొండలయ్య బిత్తరపోయాడు.

సెల్ షాపులో అడిగాడు. టీ కొట్లో అడిగాడు. ఎరువుల అంగట్లో అడిగాడు. ఏ ఒక్కరూ తమ మీటరు చూసుకున్న పాపాన పోలేదు. అందరికీ ఆ వీడియోనే సాక్ష్యం. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇక్కడ కబుర్లు వింటూ కూర్చుంటే అక్కడ పెట్టె కాలుతూ ఉంటుంది.

చివరికి ఎవరో ఫిజిక్సు చెప్పి రిటైరైన రేణుకాదేవి ఇల్లు చూపించారు. అతను సంచిలోంచి ఒక పెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె మరలు విప్పింది.

“చూడు నాయనా. ఒక లైటు, ఒక కెపాసిటరు. అంతే సరుకు. ఇంటి మీటరుకు దీంతో ఒక్క యూనిట్టు తగ్గదు. ఇది మరీ నాసిరకం, వేడెక్కితే అంటుకుంటాది.”

“మరి నిజంగా తగ్గేది దేంతో మేడం?”

“పాత ఫ్యాను తీసేసి తక్కువ కరెంటు తినేది పెట్టుకోవాల. ఎల్‌ఈడీ బల్బులు. ఫ్రిజ్జు గోడకు ఆనించగూడదు. మనిషి లేని గదిలో స్విచ్చి ఆపాల.”

“అంతేనా? ఇవి చెబితే ఎవురూ చూడరు మేడం.”

“చూడకపోతే మాననీ. నిజమైతే చాలదా?”

అతను తల దించుకున్నాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, ఆ ఒక్క మాట పిచ్చమ్మకు వచ్చి చెప్పమన్నాడు. రేణుకాదేవి కట్టు కట్టిన మోకాలు చూపించింది. ఆపరేషనై వారమే అయింది. పాపం, ఒక కాగితం మీద అంతా రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

బండి పాలెం చేరేసరికి మూడున్నర. గుమ్మంలోనే వాసన ముక్కు పగలగొట్టింది. పెట్టె అంచు గోధుమ రంగుకు తిరిగింది. ఉయ్యాల ఊగినప్పుడల్లా చీర దాన్ని తాకి వస్తోంది. బిడ్డ నిద్రపోతోంది.

“అవ్వా, ఇదిగో, పెద్ద మేడం రాసిచ్చింది!”

“నాకు చదువు రాదు. కాగితాల మీద ఎవురైనా ఏమైనా రాస్తారు.”

“దేవుడా! నేనేం చేస్తే నమ్ముతావవ్వా?”

పిచ్చమ్మ గూట్లోంచి ఫోను తీసింది. తెలిసిన ఒక్క మీటా నొక్కింది. పాట మొదలైంది, నవ్వుతూ ఎవరో మాట్లాడుతున్నారు. ఫోను అతని మొహం మీదికి పెట్టింది.

“ఈ బిడ్డ వచ్చి తీసెయ్యమంటే తీసేస్తా. ఇంకెవురు చెప్పినా తీయను. పో!”

అతను ఉయ్యాల వంక చూశాడు. హెల్మెట్ తీసి నేల మీద పెట్టాడు. తువ్వాలు ముడి విప్పాడు. తన మొహాన్ని ఆ ఫోను పక్కకు తెచ్చాడు.

“తీసెయ్యవ్వా,” అన్నాడు.

పిచ్చమ్మ చేతిలో చీపురు జారిపోయింది. ఒక్క ఉదుటున పోయి ప్లగ్గు పీకింది. కాలుతున్న పెట్టెను అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, గట్టిగా అదిమి పట్టుకుని అడిగింది:

“నీ మొహం చూసే, ఫోన్లో నువ్వు చెప్పిన మాట నమ్మే గదరా నాయనా, పసిబిడ్డ పక్కన దీన్ని పెట్టినాను?”