ఒకే తోక కింద

టూత్ బ్రష్ పెట్టి మా నాన్న లాబ్‌స్టర్ పొట్ట తోముతున్నాడు.

నారింజ రంగు గుడ్లు ఊడి, గిలకలదిండి జెట్టీ కింద బురదనీళ్లలో కలిసిపోతున్నాయి.

ఆ గుడ్ల కోసమే నేను పొద్దున్నే బస్సెక్కి వచ్చాను. నెత్తి బాదుకున్నాను.

"నీకోసమేనమ్మా, శుభ్రం చేసి ఇద్దామని," అన్నాడు నాన్న.

ఆయన్ని అని ఏం లాభం? గుడ్లున్న తల్లిని కొనేవాళ్లు ముట్టుకోరు. అందుకని మావాళ్లు ఒడ్డుకి రాగానే తోమేస్తారు. అలవాటైన చెయ్యి, దానంతటదే బ్రష్ మీదకి వెళ్తుంది.

జెట్టీ మీదే కూర్చోబెట్టి ఆయనకి నా పీహెచ్‌డీ పాఠం చెప్పాను. తల్లి లాబ్‌స్టర్ గుడ్లని తోక కింద అతికించుకుని, పిల్లలయ్యేదాకా మోస్తుంది. ఆ గుడ్లన్నిటికీ తండ్రి ఒకడేనా, కాదా? గుడ్లలో డీఎన్ఏ చూస్తే తెలిసిపోతుంది.

నాన్న శ్రద్ధగా విన్నాడు. బ్రష్ కడిగి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి వేటలో ఇంకో తల్లి పడింది. దాన్ని తడి గోనెసంచిలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. గుడ్లు చెక్కుచెదరలేదు. నేను చిటికెడు గుడ్లూ, తల్లి కాలి కొసన చిన్న ముక్కా తీసుకున్నాను. కాలు మళ్లీ మొలుస్తుందని నేను ఒట్టేస్తేగానీ ఆ ముక్క కొయ్యనివ్వలేదు. ఆ తర్వాత ఆయనే దాన్ని మొగ దాటించి సముద్రంలో వదిలొచ్చాడు.

అప్పట్నుంచీ ఫోన్ చేస్తే చాలు, నా లాబ్‌స్టర్ సంగతేమైంది అనేవాడు. జెట్టీ అంతా చాటింపు వేశాడు కూడా.

మొగ అంటే కాలువ సముద్రంలో కలిసే చోటు. మాకు ఏ సంగతైనా అక్కడే తేలుతుంది. కొత్త బోటుని మొదటిసారి ఎవరు మొగ దాటిస్తే ఆ బోటుకి వాళ్లే సరంగు. ఆ చుక్కాని ఇంక ఇంకొకరి చేతికి ఇవ్వరు.

మా కొత్త బోటు తెల్లారితే నీళ్లలోకి దిగుతుంది.

చుక్కాని శివన్నయ్య పట్టాలా, మోహనన్నయ్య పట్టాలా? ఇంట్లో కొన్నాళ్లుగా అందరి గుండెల్లో ఉన్నది ఇదే. పైకి మాత్రం ఎవరూ అనరు.

ఊరందరికీ తెలిసిన సంగతే, చెప్తాను. నాన్నతో అమ్మది మారుమనువు. మొదటాయన నాగాయలంక వైపు నుంచి వేటకి వెళ్లి, మొగ దాటి, తిరిగి రాలేదు. చంకలో శివన్నయ్యతో అమ్మ ఈ ఇంటికి వచ్చింది. మాలో మారుమనువు తప్పేమీ కాదు. అయినా ఏ పెళ్లికి వెళ్లినా, శివన్నయ్య ఇంటిపేరు వేరని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. వాళ్ల నోళ్లు పడిపోను.

మీసం రాకముందు నుంచీ నాన్న పక్కన నిలబడి బోటు నడిపింది శివన్నయ్య. ఎంత పోటులోనైనా మొగ దాటించగలడు, నేను కళ్లు మూసుకుని ఎక్కుతాను. మోహనన్నయ్యకి ఇంజనంటే ప్రాణం. చుక్కాని ఇస్తామన్నా పారిపోతాడు.

సాయంత్రం బోటు పక్కన మనుషులు చేరారు. అమ్మ చుక్కానికి పసుపు రాస్తోంది. శివన్నయ్య దూరంగా తాడు ముడి వేస్తున్నాడు. వేసిన ముడే విప్పి మళ్లీ వేస్తున్నాడు.

నాన్న తమ్ముడు బాబ్జీ బాబాయి గొంతు సవరించుకున్నాడు. శివ మంచోడే, కాదనేదెవరు, కానీ సొంత కొడుకుండగా చుక్కాని బయటికి పోతే ఎలా అన్నయ్యా అన్నాడు. కొందరు తలలూపారు.

నాన్న నా వైపు తిరిగి, ల్యాబ్ నుంచి రిజల్ట్ వచ్చిందా అని అడిగాడు.

వచ్చింది. అందరికీ వినపడేలాగే చెప్పాను. ఆ తల్లి గుడ్లలో ఇద్దరు తండ్రుల పిల్లలున్నారు.

జెట్టీ అంతా ఘొల్లున నవ్వింది.

"గట్టిదే మీ లాబ్‌స్టరు," అన్నాడు బాబాయి, అమ్మ వైపు ఓరగా చూసి.

అమ్మ చెయ్యి చుక్కాని మీద ఆగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. నిజమే. బాబాయిని దులిపేద్దామని లేచాను కూడా. నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మడూ, ఏ గుడ్డు ఎవరిదో ఆ తల్లి చూసుకుంటుందా?"

"దానికి పట్టదు నాన్నా. అన్నిటినీ ఒకే తోక కింద పెట్టుకుంటుంది. అన్నిటికీ ఒకేలా నీళ్లు విసురుతుంది. ఇది ఫలానా వాడిదని ఒక్కదాన్నీ రాల్చదు."

"మరి రాల్చేదెవరు?"

"మనమే. బ్రష్ పెట్టి."

నవ్వులు ఆగిపోయాయి. నాన్న తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు.

"ఇంక తోమకురా బాబ్జీ."

అంతే. కోపంగా కూడా అనలేదు. శివన్నయ్యని పిలిచి, ముడులు చాలుగానీ పెందలాడే పడుకోమన్నాడు. పొద్దున్నే మొగ దాటాలి కదా అన్నాడు. మోహనన్నయ్య ఈల వేసుకుంటూ ఇంజన్ దగ్గరికి దిగిపోయాడు.

అమ్మ తలెత్తలేదు. పసుపు రాసినచోటే మళ్లీ రాసింది.

తెల్లారి కొబ్బరికాయ కొట్టారు. చుక్కాని దగ్గర శివన్నయ్య, ఇంజన్ దగ్గర మోహనన్నయ్య. బోటు మొగ దాటి చిన్నదైపోయి, కనిపించకుండా పోయింది. జనం ఇళ్లకి వెళ్లారు.

అమ్మ మాత్రం చెప్పులు విడిచి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది. బోటు తిరిగొచ్చేదాకా కదల్లేదు.

ఆమె వెనక గట్టు మీద నాన్న నిలబడ్డాడు, అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని.