మేనమామ ఒడి

"పాపనిట్లియ్యి పల్లవీ," అన్నాడు జయచంద్ర.

తిరుమల కల్యాణకట్టలో, తడి నేల మీద అప్పటికే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు అతను. పంచె సర్దుకుని రెండు చేతులూ చాచాడు.

పల్లవి కదలలేదు. పదకొండు నెలల హేమశ్రీ ఆమె భుజం మీద వాలి జడ చివర నములుతోంది.

"ఇయ్యి మే. పుట్టెంటికలు మేనమామ ఒళ్లోనే గదా తీయాల," అంది తల్లి దేవకమ్మ. వెనక జనం చూస్తున్నారనుకుందో ఏమో, తనే బిడ్డను తీసుకుని కొడుకు ఒళ్లో పెట్టింది.

మొక్కు పల్లవి భర్త మునికృష్ణది. బిడ్డ క్షేమంగా పుడితే కొండకు తెచ్చి తలనీలాలు ఇస్తానన్నాడు. ఆ ఒక్క మాట కోసమే పల్లవి బయల్దేరింది. ఆమెకు అన్నంటే జయచంద్ర ఒక్కడే.

గుండు గీసే నవీన పిల్ల తల తడిపింది. "బిడ్డ నాయన యాడ? రాలేదా?"

"లేడమ్మా. ఇది కడుపులో ఉండంగానే పోయినాడు," అంది దేవకమ్మ.

నవీన కత్తికి కొత్త బ్లేడు తొడిగింది. "అయ్యో. పోన్లేమ్మా, తోడుగా మామ ఉండాడు గదా."

కత్తి తగలకుండా జయచంద్ర పిల్ల గడ్డం పట్టుకున్నాడు. పిల్ల గుక్కపెట్టింది. "అయిపాయ బంగారూ, అయిపాయ," అంటూ తనూ కళ్లు తుడుచుకున్నాడు. మెత్తటి వెంట్రుకలు అతని పంచె మీద రాలుతుంటే పల్లవి చూస్తూ నిలబడింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు.

స్నానం చేయించి గుండుకు చందనం పూసినవాడూ అతనే. క్యూలో నాలుగు గంటలు పిల్లను దించలేదు. బిస్కెట్టు నీళ్లలో నానబెట్టి తినిపించాడు. పక్కనున్న ఆడవాళ్లు, "అన్నంటే ఇట్లుండాల," అనుకున్నారు. పల్లవి విన్నది. ముందు వాళ్లు నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది.

దర్శనం రెండు క్షణాలు. "జరగండమ్మా," అన్నారెవరో. జరిగింది. బయటికొచ్చాక గానీ తెలియలేదు, స్వామిని ఏమీ అడగలేదని.

బస్సు ఘాట్‌రోడ్డు దిగుతోంది. ముందు సీట్లో జయచంద్ర పిల్లను గుండెల మీద పడుకోబెట్టుకుని కునుకు తీస్తున్నాడు.

దేవకమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "సూడు మే, వాడికి పాపంటే ఎంత ప్రాణమో. అది మనసులో పెట్టుకో. నీకింకెవురుండారు చెప్పు?"

"ఊ," అంది పల్లవి.

మర్నాడు పదకొండు గంటలకు కోర్టులో, నీ భర్తను నరికి చంపినవాడు ఈ గదిలో ఉన్నాడా అని ప్రభుత్వ లాయరు అడిగినప్పుడు, పల్లవి చెయ్యెత్తి, బెయిలు మీదున్న జయచంద్రను చూపించింది.