ఢిల్లీబాబు కాయితం

ఢిల్లీబాబుకి దొంగతనం అంటగట్టి పంపెయ్యాలన్న ఆలోచన తారకేశ్వరరావుకి భోజనం చేస్తుండగా వచ్చింది. సాయంత్రానికల్లా ఆ పుణ్యకార్యం పూర్తయిపోయింది.

తారకేశ్వరరావుకి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఢిల్లీబాబు అందులో మేనేజరు. ఉద్దానం ఊళ్ళు తిరిగి జీడిపిక్కలు కొనడం దగ్గర్నుంచి, టెక్కలి హైవే పక్క అద్దె గోడౌన్లో పప్పు పెట్టించడం, విడిపించడం దాకా అన్నీ అతనే చూసేవాడు. అదే అతని తప్పయింది. పనిలేని బావమరిది రామూర్తిని ఎక్కడైనా కూర్చోబెట్టమని భార్య కళావతి పోరు పెడుతోంది. ఫ్యాక్టరీలో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో ఢిల్లీబాబు ఉన్నాడు.

రెండు డబ్బాల పప్పు తగ్గిందన్నాడు తారకేశ్వరరావు. అవి రామూర్తే పట్టుకుపోయి అమ్ముకున్నాడని ఆయనకి బాగా తెలుసు. అయినా పప్పు ఒలిచే ఆడవాళ్ళందరి ముందూ ఢిల్లీబాబునే దొంగన్నాడు. పోలీసులకి అప్పజెప్పకుండా వదిలేస్తున్నందుకు తన మంచితనాన్ని తనే మెచ్చుకున్నాడు కూడా.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కానీ ఢిల్లీబాబుకి మూలపేటలో పోర్టు పనులు చేసే కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తానంది. పాత చోట వదిలేసినట్టు కాయితం తెమ్మంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి తారకేశ్వరరావుకి కొత్త కాలక్షేపం దొరికింది. ఒకసారి సీలు కనబడలేదన్నాడు. ఇంకోసారి లెటర్‌హెడ్లు అచ్చుకి వెళ్ళాయన్నాడు. మరోసారి మంగళవారంనాడు సంతకాలు పెట్టే ఆచారం తమ వంశంలో లేదన్నాడు. లేని ఆచారాన్ని అంత నిక్కచ్చిగా పాటించిన మనిషి ఆ జిల్లాలో ఉండడు.

ఆఖరిసారి వచ్చినప్పుడు ఢిల్లీబాబు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అతని పాత కుర్చీలో రామూర్తి కాళ్ళు చాపుకుని ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు.

"సారూ, ఆ కాయితం ఒక్కటీ ఇచ్చేయండి. అది లేందే వాళ్ళు సేర్చుకోమంతన్నారు. ఇంటికాడ పిల్లలున్నారు."

"ఏటంత తొందర? ఉద్యోగం లేకపోతే ఏటైపోద్దిరా నీకు? మీవోళ్ళకి సముద్రం ఉంది. పోయి వల లాగు."

రామూర్తి ఆట ఆపి మరీ నవ్వాడు.

ఢిల్లీబాబు చేతులు కట్టుకున్నాడు. మెల్లగా అన్నాడు.

"పోనీ కాయితం వద్దండి. రేపు మీకు ఫోన్ సేసి అడుగుతారు. మానేసేడని ఒక్క మాట సెప్పండి సాలు. దొంగోడని సెప్పినా సెప్పండి, పడతాను. ఇంకా మీ మేనేజర్నేనని మాత్రం అనకండి సారూ. ఆ మాట అన్నారంటే నేను మునిగిపోతాను."

ఎదుటివాణ్ణి ముంచే అవకాశం ఎదురొచ్చి చేతిలో పడితే తారకేశ్వరరావు ఎందుకు వదులుకుంటాడు? మర్నాడు భోజనం దగ్గర కూడా ఫోన్ కంచం పక్కనే పెట్టుకున్నాడు. మోత వినబడదేమోనని వంటింట్లో మిక్సీ వెయ్యనివ్వలేదు. పచ్చడి లేకుండానే తిన్నాడు.

చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. తడి చేత్తోనే ఎత్తాడు.

"తారకేశ్వరరావుగారాండీ? నేను..." అందో ఆడపిల్ల గొంతు.

"తెలుసమ్మా, తెలుసు. ఢిల్లీబాబు గురించేగా?"

"అవునండీ. ఆయన ఇప్పుడు మీ మేనేజరేనా?"

"మేనేజరే. నిన్నా మేనేజరే, ఇవాళా మేనేజరే. నేను రిలీవ్ చెయ్యలేదు, చెయ్యను కూడా. కావాలంటే మెసేజ్ పెడతాను, ఉంచుకో."

"పెట్టండి సార్. మాకూ రికార్డుకి ఉంటుంది."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని, ఢిల్లీబాబు తన మేనేజరేనని టైపు చేసి పంపించాడు. జన్మలో ఎవరికీ ఇంత శ్రద్ధగా ఉపకారం చేసిన మనిషి కాడు. ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు.

రెండ్రోజులకి పప్పు రేటు ఎగిరింది. తారకేశ్వరరావు దీనికోసమే కాచుకుని ఉన్నాడు. ఢిల్లీబాబు పనిలో ఉన్నప్పుడే, ఉన్న ఇల్లు కూడా తాకట్టు పెట్టి, మంచి రకం పప్పంతా టెక్కలి గోడౌన్లో దాచాడు. పన్నువాళ్ళ కంట పడకుండా బిల్లు ముక్క కూడా లేకుండా దాచాడు. సరుకు తెమ్మని లారీ ఇచ్చి రామూర్తిని పంపాడు. కొత్త మేనేజరు ఆ గోడౌన్ మొహం చూడటం అదే మొదలు.

గంట తిరక్కుండా రామూర్తి ఫోన్ చేశాడు.

"బావా, ఇక్కడ ఒక్క డబ్బా కూడా లేదు. ఊడ్సేసి ఉంది."

తారకేశ్వరరావు గోడౌన్ ఆఫీసులో ఎవరుంటే వాళ్ళకి ఫోన్ ఇమ్మన్నాడు.

"సరుకంతా మొన్ననే ఢిల్లీబాబుగారు లారీలకి ఎత్తించుకెళ్ళిపోయారు కదండీ," అందో ఆడపిల్ల. "విడిపించడానికి మా దగ్గర ఉన్నది ఆయన సంతకమే. అది మార్చమని మీరెవరూ చెప్పలేదు."

"వాణ్ణి ఎప్పుడో పీకి పారేశాను. ఎవర్ని అడిగి ఇచ్చావ్?"

"మిమ్మల్నే సార్. ఆయన మీ మేనేజరేనా అని మొన్న ఫోన్ చేసింది నేనే కదండీ."