ఎర్ర అక్షరాలు

హోటలు యజమాని అడిగాడని మెనూ కార్డు మీద హెచ్చరికలు నేనే రాసిచ్చాను. చర్చిలో వాక్యం చెప్పేవాణ్ణి, మెత్తగా రాయడం నాకు చేతకాదు. వేపుళ్ల పక్కన ఎర్ర అక్షరాలతో "దేవుడిచ్చిన దేహాన్ని నూనెలో ముంచకు" అని వేయించాను.

బస్సు నడిపే మా చెల్లెలి భర్తకు గుండె ఆపరేషనై రెండు నెలలే అయింది. ఒక మధ్యాహ్నం నేను ఆ హోటల్లో ఉండగా డ్యూటీ దిగి వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. కార్డంతా చదివి మరీ కోడి వేపుడు తెమ్మన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అంత ఎర్రగా రాస్తే కనబడలేదటయ్యా?"

"కనబడింది బావగారూ. ఆలస్యమైందని పొద్దున్నే ఆఫీసరు అరిచాడు. బస్సెక్కినవాళ్లు అరిచారు. తిందామని వస్తే ఈ కార్డు కూడా అరుస్తోంది."

తిండిపోతులకు తగిన వాక్యం కోసం సంచిలోంచి గ్రంథం తీసి గబగబా పేజీలు తిప్పాను.

"వెతకండి, అందులోనూ వద్దనే ఉంటుంది" అన్నాడు తల వంచుకుని. "తిన్నావా అని ఎవరైనా ఒక్కరడిగితే సూపు తాగి లేచిపోయేవాణ్ణి."

వేపుడు వచ్చింది. నేను అది మానేసి పదిహేనేళ్లు.

గ్రంథం మూసి, పళ్లెంలో సగం నా వైపు లాక్కుని తినడం మొదలుపెట్టాను.