మాసయ్య చరణం

"నాయిన చరణం ఎవరు పాడాలె?" హార్మోనియం మీంచి తల ఎత్తకుండానే అడిగాడు లూకయ్య.

ఏ మాట రాకూడదని అమృతమ్మ అనుకుందో అదే వచ్చింది.

"నువ్వే బిడ్డా, ఇంకెవరు పాడుతరు?" అంది.

అది వనపర్తిలో ఒక ఫొటో స్టూడియో వెనక గది. చప్పుడు రాకుండా గోడలకు గోనెసంచులు కొట్టి ఉన్నాయి. పాటలు రికార్డు చేసే శ్రీనాథ్ అద్దానికి అవతల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెద్దకొడుకును వెంటబెట్టుకుని అమృతమ్మ పొద్దున్నే గద్వాల బస్సు దిగింది. చిన్నకొడుకు జయరాజు రేపు నాగర్‌కర్నూల్ నుంచి వస్తాడు. ఇద్దరినీ ఒకేరోజు పిలిచే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఒకప్పుడు చర్చీలో కూడిక ఉందంటే మాసయ్య కుటుంబం పాడాల్సిందే. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు వరసగా నిలబడేవాళ్లు. అన్ని పాటలూ అందరివే గాని, మాసయ్య తానే కట్టిన పాటలో చివరి చరణం మాత్రం ఆయన ఒక్కడిదే.

"ఎండిన వాగును నింపిన దేవా
ఎడబాసినోళ్లను ఒక్క బంతిల కూసోబెట్టవా"

ఆయన పోయాక జరిగిన ఆదరణ కూడికలో, ఆ చరణం దగ్గర అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే గొంతెత్తారు. ఏ ఒక్కడూ తగ్గలేదు. లూకయ్య హార్మోనియం మూసేశాడు. "నాయిన గొంతు గూడ నీ పాలుకే వచ్చెనా?" అని జయరాజు అందరిముందే అడిగి, అటునుంచి అటే అత్తగారి ఊరు చేరాడు. మళ్లీ మాటల్లేవు. ఇప్పుడు బొంబాయికి పనికి పోతానంటున్నాడు. అట్లా పోయినవాళ్లు ఏండ్లకేండ్లు తిరిగి రారని అమృతమ్మకు తెలుసు. వాడు బస్సెక్కకముందే ఇద్దరి గొంతులనూ క్యాసెట్లోనైనా పక్కపక్కన నిలబెట్టాలని ఆమె ఆశ.

చివరి చరణం దగ్గర పడుతుంటే ఆమె లేచి బయటికొచ్చేసింది. ఎవరు పాడినా అది మాసయ్య గొంతు కాదు. అది వినే ఓపిక ఆమెకు లేదు.

లూకయ్య ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చాడు. రేపటిదాకా ఇక్కడే ఉంటానన్నాడు. తమ్ముడితో మళ్లీ కయ్యానికేనని ఆమె హడలిపోయింది. ఎద్దుల్ని ఎవరు చూస్తారని గదమాయించి గద్వాల బస్సెక్కించేదాకా ఊపిరి తీసుకోలేదు.

తిరిగొచ్చి శ్రీనాథ్‌ను బతిమాలింది. "బాబూ, అన్న గొంతు వింటే చిన్నోడు లేచి పోతడు. వానికి ఉత్త హార్మోనియం పెట్టె చప్పుడే వినిపియ్యి. ఒకని ముచ్చట ఇంకొకనికి చెప్పకు."

మర్నాడు జయరాజు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. కాసేపు విని కళ్లు మూసుకున్నాడు.

"పెట్టె ఎవరు వాయించిండ్రు?"

"ఈడి పిలగాడే," అంది అమృతమ్మ.

"మంచిగ వాయించిండు," అన్నాడు. తర్వాత, "నాయిన చరణం?" అన్నాడు.

"నీదే బిడ్డా."

జయరాజు తల్లి ముఖంలోకి చూసి మైకు వైపు తిరిగాడు. ఆమె మళ్లీ బయటికి నడిచింది. పని ముగిశాక అతను వీధి చివరిదాకా చూసి, అన్న ఇటు వచ్చేదుందా అని అడిగాడు. రాడులే, పరేషాన్ కాకు అని ఆమె ధైర్యం చెప్పింది. అతను తలొంచుకుని బస్టాండుకు నడిచాడు. ఆ వారమే బొంబాయి బస్సెక్కాడు.

క్రిస్మస్ ముందర క్యాసెట్ తయారైందని కబురొచ్చింది. బస్సు బీచుపల్లి వంతెన దాటుతున్నప్పుడు అమృతమ్మ ప్రార్థన చేసుకుంది. చరణం నీదేనని ఇద్దరికీ చెప్పింది తనే. ఎవరి గొంతు ఉన్నా రెండోవాడు తనను క్షమించాలి.

శ్రీనాథ్ పాట పెట్టాడు. పెద్దోడి గొంతు కింద చిన్నోడి గొంతు, మునుపు పక్కపక్కన నిలబడినప్పటిలాగే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి చరణం దగ్గరికొచ్చేసరికి హార్మోనియం నెమ్మదించింది, ఎవరికోసమో ఆగినట్టు. గొంతు మాత్రం రాలేదు. ఉత్త రాగమే చివరిదాకా సాగింది.

"మాసయ్య చరణమేది? ఇద్దరిదీ తుడిచినవా బాబూ?"

"నేనేం తుడువలేదమ్మా. 'ఇది నా తమ్మునిది, వానికి జాగ ఉంచు' అని లూకయ్యన్న పాడకుంట పెట్టె ఒక్కటే వాయించిండు. చెప్పొద్దంటివి గద, జయరాజన్నకు చెప్పలే."

"మరి జయరాజు?"

"ఆయన గూడ అన్నకే వదిలిండు."