ఎగుమతా, దిగుమతా?

"దేశానికి ఏది మేలయ్యా, ఎగుమతా, దిగుమతా?" అన్నారు విదేశీ వ్యాపారం చెప్పే మేష్టారు. మౌఖిక పరీక్షలో అది ఆఖరి ప్రశ్న. తప్పితే నేను మళ్లీ అదే క్లాసులో కూర్చోవాలి.

సెలవులంతా నాన్నతో కలిసి లారీలకి బస్తాలు ఎత్తి దించినవాణ్ణి. తడుముకోలేదు.

"దిగుమతేనండి. ఎగుమతికి నడుం పడిపోతుంది."

మేష్టారు నవ్వలేదు. మూలనున్న ఇనుప బీరువా వైపు చూశారు. దాన్ని ఆవేళే మూడో అంతస్తుకి చేర్చాలి.

"థియరీ తప్పు. ప్రాక్టికల్ చూద్దాం. ఆ చివర పట్టు."

రెండో అంతస్తు చేరేసరికి ఆయన కళ్లజోడు మూతి మీదికి జారింది. నడుం పట్టుకుని బీరువాకి చేరగిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పండి సార్, ఏది మేలు?"

"దిగుమతేరా నాయనా! పాసయ్యావు. ఇంకో అంతస్తు ఎక్కించావంటే ఫస్టు క్లాసు."