పేరడిగి వచ్చినవాడు

"అలెగ్జాండరే గొప్ప సేనాని. సగం ప్రపంచం గెలిచిండు," అన్నాడు జగదీష్.

"నెపోలియన్ ముందట ఆయనెంత?" అన్నాడు కొట్టు నడిపే మోతీ.

ఇద్దరూ కోడిని తప్ప దేన్నీ కోసినవాళ్ళు కారు. అయినా పొద్దుటినుంచి కొట్టు అరుగు మీద యుద్ధాలు చేస్తూనే ఉన్నారు.

పక్కనే కూర్చున్న ధన్‌సింగ్‌కు ఒక్క ముక్కా చెవికెక్కడం లేదు. ఇంట్లో ఆరేళ్ళ కూతురు సోని జ్వరంతో కొట్టుకుంటోంది. వాగు పొంగి తండాకు దారి తెగింది. చుట్టూ తిప్పి అయినా సరే జీపు తెస్తానని బడి పంతులు డేవిడ్ పినపాక వెళ్ళాడు.

అప్పుడు వచ్చాడు ఆ కొత్త మనిషి. ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. పొట్టి క్రాపు, భుజాన సంచి.

"మీరు చెప్పున్రి సార్, ఎవరు గొప్ప?" అన్నాడు జగదీష్.

"ఎంత గెలిచిండని కాదు, ఎంతమందిని బతికించి ఇంటికి తెచ్చిండని చూడాలె. ఒకాయన ఫౌజు ఎడారిల దూపతోని రాలింది. ఇంకొకాయనది మంచుల రాలింది."

మోతీ అతన్ని ఎగాదిగా చూశాడు. ఫౌజు సంగతులు తెలిసినవాడికి ఈ అడవిలో ఏం పని?

"ధన్‌సింగ్ ఇల్లేది?" అన్నాడు ఆ మనిషి.

"ఏం పని సార్?" అని ధన్‌సింగే అడిగాడు.

"ఆయనకే చెప్పాలె. జల్దీ."

ధన్‌సింగ్ జంకాడు. పోయిన నెల ఇదే తండా భీమ్లాను ఇలాగే పేరడిగి తీసుకుపోయారు. వాళ్ళు పోలీసులో అడవిలోని అన్నలో ఎవరికీ తెలియదు. భీమ్లా తిరిగి రాలేదు. ఇప్పుడు తనూ పోతే సోనిని జీపెక్కించేదెవరు?

"ఆయన లేడు సార్. పెండ్లాన్ని, బిడ్డను తోలుకొని అశ్వారావుపేట పోయిండు."

"బిడ్డను గూడనా?"

"అవ్ సార్. ఇంటికి తాళమే."

"అయితే మంచిదే," అంటూ ఆ మనిషి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వాగు వైపు వెళ్ళిపోయాడు.

"బతికినవ్ కాకా," అన్నాడు జగదీష్.

పొద్దు గుంకే వేళకు జీపు వచ్చింది. అప్పటికే ధన్‌సింగ్ భార్య సోమ్లి ఏడుపు తండా అంతా వినబడుతోంది.

చాప మీది పిల్లను చూసి డేవిడ్ కూలబడ్డాడు.

"ఇంజక్షన్ ఇచ్చినంక గూడ నిలవలేదా?"

"ఏ ఇంజక్షన్ సారూ?" అన్నాడు ధన్‌సింగ్.

డేవిడ్ అయోమయంగా చూశాడు.

"జీపు ఆలస్యమయితదని ముందుగాల వాగు దాటించి పంపిన గద ధన్‌సింగ్... అన్నల భయానికి తానెవరో నీకు తప్ప ఎవరికీ చెప్పొద్దన్న... మా తమ్ముడు, సెలవు మీద ఇంటికొచ్చిన మిలిటరీ డాక్టరు."